గురుత్వాకర్షణ సిద్ధాంతములో గణితజ్ఞుల పాలు

న్యూటను 1687లో ప్రిన్సిపియా గ్రంథమును వెలువరించిన కాలమున గణితజ్ఞుడు వేఱు, భౌతికశాస్త్రజ్ఞుడు వేఱు అను విభాగము లేకుండెను. చంద్రగతిని గూర్చి ఆలోచించిన మనుష్యుడే ఆ గతిని లెక్కించుటకు వలసిన గణితమును సైతము సమకూర్చుకొనెను గావున, ఆ రెండు విద్యలలో ఏది దేనికి ఋణపడినదను ప్రశ్న ఆనాడు పుట్టుటకే తావు లేదు. తరువాతి రెండువందల యేండ్లలో విద్యలు పెరిగి, పెరిగిన కొలది విడివడి, 19వ శతాబ్ది ముగియునప్పటికి ఐరోపా విశ్వవిద్యాలయములలో గణితమునకు వేఱు పీఠములు, వేఱు పత్రికలు, వేఱు పాండిత్య ప్రమాణములు ఏర్పడెను. ఒకరు తర్కము నిర్దుష్టమా యని అడుగుదురు; మఱియొకరు ప్రకృతిలో అట్లున్నదా యని అడుగుదురు. ఈ విభజన స్థిరపడిన పిమ్మట పుట్టిన మహాసిద్ధాంతము ఐన్‌స్టైనుది. లోకము వాడుకగా చెప్పుకొను కథలో ఆయన ఏకాకి; చింపిరి తలతో గదిలో కూర్చుండి విశ్వమును తన మనస్సులోనుండియే వెలికి దీసిన ఋషి. ఆ కథలో సత్యము లేకపోలేదు గాని, అది సగమే. మిగిలిన సగము జ్యూరిచ్, పాడువా, గోటింగెన్ నగరముల గణితజ్ఞులది. పైగా సహకారమన్న మాట వినగానే మనస్సునకు తోచు సామరస్యము అందు అంతగా కానరాదు. అపనమ్మకము, పంతము, ఆలస్యము, చివరకు కొన్ని దినముల పోటీ, వీని నడుమనే ఆ సిద్ధాంతము రూపుదాల్చెను.

దానికి వలసిన గణితము అది పుట్టుటకు ఎంతో ముందే సిద్ధమై యుండెను. 1827లో గౌస్ వక్రతలములను గూర్చి వ్రాయుచు, ఒక తలము వంగినదో లేదో తెలిసికొనుటకు దానిని వెలుపలినుండి చూడ నక్కఱలేదనియు, ఆ తలముమీదనే నిలిచి దూరములు కొలుచుకొన్నను తెలియుననియు నిరూపించెను. రీమాన్ 1854 జూన్ 10వ తేదీన గోటింగెన్‌లో, అధ్యాపకార్హతకై చేసిన ఉపన్యాసమున, ఈ భావమును తలములనుండి ఎన్ని పరిమాణములు గల ఆకాశమునకైనను విస్తరింపజేసి, ఆ ఆకాశపు కొలతలకు మూలకారణము అందు పనిచేయు బలములలో వెదకవలసి యుండునేమో యని సూచించి విడిచెను. వృద్ధుడైన గౌస్ ఆ సభలో నుండెను. ఉపన్యాసము మాత్రము రీమాన్ మరణించిన రెండేండ్లకు, 1868లో గాని అచ్చుకాలేదు. మఱుసటి యేడు క్రిస్టోఫెల్, నిరూపకములను మార్చినప్పుడు ఏవి మాఱును, ఏవి మాఱక నిలుచును అను లెక్కకు పునాది వేసెను. పాడువా విశ్వవిద్యాలయమున రీచీ ఆ పునాదిమీద ఒక సంపూర్ణ కలనగణితమును నిర్మించెను. ఆయనయు ఆయన శిష్యుడగు లెవి-చివితాయు కలిసి, గోటింగెన్ గణితజ్ఞుడగు ఫెలిక్స్ క్లైన్ కోరికపై ఫ్రెంచి భాషలో వ్రాసిన దీర్ఘవ్యాసము 1900 ప్రాంతమున ఒక జర్మన్ గణిత పత్రికలో వెలువడెను. నేడు టెన్సరులని మనము వ్యవహరించునవి ఇవియే. ఆనాటి గణితజ్ఞులలోనే పలువురు దానిని ప్రయోజనము తక్కువ, పరికరము ఎక్కువ యని తలచిరి. తాత చేయించి అటకమీద పెట్టిన కొడవలి మనుమని కోతకాలమునకు అక్కఱకు వచ్చినట్లు, ఆ విద్య ఎవరికొఱకో ఎదురుచూచుచు పండ్రెండేండ్లు పడియుండెను.

ఆ కొడవలి కావలసినవాడు గణిత తరగతులకు సరిగా పోనివాడు. 1896లో జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో చేరిన ఐన్‌స్టైన్, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రొద్దు పుచ్చి, గణితోపన్యాసములను చాలవఱకు ఎగవేసెను. అక్కడ పాఠములు చెప్పిన మిన్‌కోవ్‌స్కీ వానిని ఒక సోమరియని తలచెనట. పరీక్షలు వచ్చునప్పటికి ఆయనను ఒడ్డున చేర్చినవి సహాధ్యాయియగు మార్సెల్ గ్రాస్‌మన్ తరగతిలో వ్రాసికొన్న నోటుపుస్తకములు. ముత్యములవంటి దస్తూరితో, ఒక్క మెట్టు విడువక వ్రాసినవి. చదువు ముగిసి ఉద్యోగము దొరకక తిరుగుచుండిన కాలమున, గ్రాస్‌మన్ తండ్రి మాటసాయము వలననే 1902లో బెర్న్ నగరపు పేటెంట్ కార్యాలయమున ఆయనకు కొలువు కుదిరెను. 1905లో డాక్టరేటుకై సమర్పించిన వ్యాసమును ఐన్‌స్టైన్ ఆ మిత్రునకే అంకితము చేసెను. అంతవఱకు ఈ ఋణము స్నేహఋణమే. శాస్త్రఋణము ఇంకను ముందున్నది.

మిన్‌కోవ్‌స్కీ పిమ్మట గోటింగెన్ చేరి, 1908 సెప్టెంబరులో కొలోన్ నగరమున చేసిన ఉపన్యాసమున, తన పూర్వశిష్యుని విశిష్ట సాపేక్షతా సిద్ధాంతమునకు దేశమును కాలమును కలిపిన నాలుగు పరిమాణముల జ్యామితిని రూపముగా ఇచ్చెను. శిష్యుడు సంతోషింపలేదు; ఇది అక్కఱలేని పాండిత్య ప్రదర్శనమని మొదట తలచెను. గురువునకు తన పక్షము సమర్థించుకొను ఆయుష్షు లేకపోయెను: 1909 జనవరిలో, నలువదినాలుగవ యేట, అపెండిసైటిస్ వ్యాధిచే మరణించెను. నాలుగేండ్లు తిరుగకమున్నే ఆ పాండిత్యము లేనిదే అడుగు సాగని స్థితికి ఐన్‌స్టైన్ వచ్చెను.

ఆయన దారి ఇట్లు సాగెను. 1907లో పేటెంట్ కార్యాలయమున కూర్చుండగా, పైకప్పునుండి పడుచున్న మనిషికి తన బరువు తనకు తెలియదు గదా యను ఆలోచన తోచెను; అనగా గురుత్వాకర్షణమును త్వరణమును ఒకచోట నిలిచి చూచువానికి వేఱుపఱచుటకు వీలులేదు. ఇది శుద్ధముగా భౌతికశాస్త్రజ్ఞుని ఊహ. ఏ గణితజ్ఞుడును దీనిని ఇచ్చియుండడు. తరువాత, వేగముగా తిరుగుచున్న పళ్ళెముమీద కొలబద్దలు పరిధివెంట కుఱుచనగును, వ్యాసమువెంట కావు; కావున పరిధికిని వ్యాసమునకును యూక్లిడ్ చెప్పిన నిష్పత్తి అక్కడ నిలువదని ఆయనకు పట్టువడెను. త్వరణము జ్యామితిని చెఱచును. త్వరణమును గురుత్వాకర్షణమును ఒక్కటే. కావున గురుత్వాకర్షణము జ్యామితి విషయమే కావలెను. ఈ తీర్మానము వఱకు ఆయన ఒంటరిగనే నడచెను. అటుపై దారి తోచలేదు. న్యూటనుకు ఒక్క సంఖ్యతో సరిపోయినచోట ఈయనకు ప్రతి బిందువువద్దను పది సంఖ్యలు కావలసివచ్చెను. ఆ పదింటిని నిరూపకముల ఎంపికకు అతీతముగా నియమించు సమీకరణములను ఎట్లు వ్రాయవలెనో ఆయన చదివిన గణితములో లేదు.

1912 వేసవిలో ఐన్‌స్టైన్ ప్రాహా విడిచి జ్యూరిచ్‌కు ఆచార్యుడై తిరిగివచ్చెను. గ్రాస్‌మన్ అప్పటికి అక్కడనే జ్యామితి ఆచార్యుడు; మిత్రుని రప్పించుటలో ఆయన చేయియు గలదు. తనకు సాయపడనిచో పిచ్చియెత్తునని ఐన్‌స్టైన్ మొఱపెట్టుకొన్నట్లు వారి సహాధ్యాయి యొకడు తరువాత చెప్పెను. వక్రతల జ్యామితి గ్రాస్‌మన్ సొంత విషయము కాదు. ఐనను గ్రంథాలయమునకు పోయి వెదకి, రీమాన్, క్రిస్టోఫెల్, రీచీ, లెవి-చివితాల పేర్లతో తిరిగివచ్చెను. ఆయన కలిసి పనిచేయుటకు ఒప్పుకొన్నది ఒక షరతుపైన: భౌతికశాస్త్ర విషయమైన ఏ ప్రతిపాదనకును, ఏ వ్యాఖ్యానమునకును తాను బాధ్యుడు కాడు. ఐన్‌స్టైన్ తన చివరి సంవత్సరమున వ్రాసిన జ్ఞాపకములలో ఈ షరతును తలచుకొనెను. నాకు ఇది ఒక పిరికివాని జాగ్రత్తగా తోచదు. తన విద్యకు ఎల్ల ఎక్కడ ఉన్నదో ఎఱిగినవాని మర్యాదగా తోచును. 1912 అక్టోబరులో ఐన్‌స్టైన్ భౌతికశాస్త్రజ్ఞుడగు సోమర్‌ఫెల్డునకు లేఖ వ్రాయుచు, ఇంతకాలము తన మౌఢ్యముచే విలాసమని తలచిన గణితపు సూక్ష్మభాగములయెడ ఇప్పుడు మిక్కిలి గౌరవము కలిగినదని ఒప్పుకొనెను.

ఆ సంవత్సరపు లెక్కలున్న నోటుపుస్తకము ఒకటి మిగిలియున్నది. దానిని పరిశీలించిన చరిత్రకారులు వెలికి దీసిన సంగతి ఈ చరిత్ర మొత్తములో నన్ను అన్నిటికంటె ఆకర్షించినది. రీమాన్ టెన్సరు ఒక పుటలో, గ్రాస్‌మన్ పేరు ప్రక్కన వ్రాసికొని, దానినుండి ఐన్‌స్టైన్ 1912 ముగియుచుండగనే, మూడేండ్ల పిమ్మట తాను ప్రకటింపబోవు సమీకరణముల చేరువకు వచ్చెను, వచ్చి, వెనుదిరిగెను. గణితము తలుపు తెఱచినది. భౌతికము దానిని మూసినది. బలహీనమైన నిశ్చల క్షేత్రములో కొలతల పది సంఖ్యలలో కాలమునకు సంబంధించిన ఒక్కటి మాత్రమే మాఱవలెననియు, ఆకాశము చదునుగనే ఉండవలెననియు ఆయన ముందే నిశ్చయించుకొని యుండెను. గణితము ఇచ్చిన సమీకరణములు ఆ చదునుదనమును ఒప్పుకొనలేదు. శక్తి నిత్యత్వముకూడ వానియందు నిలుచునట్లు ఆయనకు తోచలేదు. ఫలితముగా 1913లో ఇరువురి పేర ఒక ముసాయిదా సిద్ధాంతము వెలువడెను. భౌతిక భాగము ఐన్‌స్టైనుది, గణిత భాగము గ్రాస్‌మనుది అని ముఖపత్రముమీదనే పంచుకొనిరి. సరియైన టెన్సరు న్యూటను నియమమునకు దిగిరాదను తప్పు వాక్యము గణితజ్ఞుని భాగములోనే అచ్చుపడెను. తన ఎల్ల ఇదియని గీచుకొన్నవాడు ఎల్ల అవతలివాని నిర్ణయమును తన పేర అచ్చువేయవలసి వచ్చెను. బాధ్యతలను పంచుకొన్నంత సులభముగా పొరపాట్లను పంచుకొనలేము.

ఆ ముసాయిదా బుధగ్రహ విషయములోను తేలిపోయెను. బుధుని పరిహేళి, అనగా కక్ష్యలో సూర్యునకు మిక్కిలి చేరువైన బిందువు, శతాబ్దమునకు 43 వికలల మేర లెక్కకు మించి జరుగుచున్నదని ఖగోళశాస్త్రజ్ఞులకు ఎప్పటినుండియో తెలియును. ఐన్‌స్టైన్ తన మిత్రుడు బెస్సోతో కలిసి 1913లో లెక్కించి చూడగా 18 వికలలు మాత్రమే వచ్చెను. ఆ సంగతి వారు ప్రకటింపలేదు.

1914 వసంతమున ఐన్‌స్టైన్ బెర్లిన్ చేరుటతో గ్రాస్‌మనుతో జంటపని ముగిసెను. ఆ పిమ్మట ఆయనకు ఎదురైన గణితజ్ఞులు మిత్రులుగా గాక పరీక్షకులుగా వచ్చిరి. 1915 మార్చి మొదలు లెవి-చివితా పాడువానుండి లేఖలు వ్రాయుచు, ఐన్‌స్టైన్ తన సిద్ధాంతమునకు ఇచ్చిన ఒక ముఖ్య నిరూపణములో దోషమున్నదని పట్టుకొనెను. రెండు నెలలు ఐన్‌స్టైన్ పట్టువిడువక సమాధానములు వ్రాసెను. ఆ దోషము పూర్తిగా ఒప్పుకొనకమునుపే, మే నెలలో ఇటలీ యుద్ధములో దిగెను, లేఖలు ఆగిపోయెను. తరువాత కొంతకాలమునకు ఆయన లెవి-చివితాకు వ్రాసిన లేఖలో, నిజమైన గణితమనెడి గుఱ్ఱమునెక్కి ఈ పొలములలో సాగిపోవుట మీకు ఎంత సుఖమో, మావంటివారము కాలినడకన ఈడ్చుకొని పోవలసియున్నదను భావము గలదు. ఆ మాటలో పొగడ్తయు గలదు, కొంచెము వ్యంగ్యమును గలదని నా అనుమానము.

అదే సంవత్సరము జూన్, జులై నెలల సంధిలో ఐన్‌స్టైన్ గోటింగెన్ పోయి, ఆఱు ఉపన్యాసములలో తన సిద్ధాంతమును హిల్బెర్ట్ మొదలగు పండితుల ఎదుట వివరించెను. ఆ ఉపన్యాసములకు సొమ్ము వచ్చిన తీరు చెప్పదగినది: ఫెర్మా సిద్ధాంతమును నిరూపించిన వానికి ఇమ్మని వోల్ఫ్‌స్కెల్ అను ధనవంతుడు మరణశాసనమున విడిచిన లక్ష మార్కులను ఎవడును గెలువకపోగా, దానిపై వచ్చు వడ్డీతో గోటింగెన్‌వారు పరదేశ పండితులను పిలిపించుచుండిరి. హిల్బెర్ట్ వినెను, నమ్మెను, తానును ఆ సమస్యపైనే కూర్చుండెను. జ్యామితి మూలసూత్రములను క్రమపఱచిన ఆ మహాపండితునకు భౌతికశాస్త్రమునకును అట్టి మూలసూత్రములు ఏర్పఱుపవలెనను కోరిక చిరకాలముగా ఉండెను; ఒకే క్రియాసూత్రమునుండి గురుత్వాకర్షణమును విద్యుదయస్కాంతత్వమును రెండింటిని రాబట్టవలెనని ఆయన పూనెను.

నవంబరు వచ్చెను. ముసాయిదాపై తనకే విశ్వాసము సడలిన ఐన్‌స్టైన్, మూడేండ్ల క్రిందట విడిచిన రీమాన్ మార్గమునకు తిరిగి మఱలి, 4వ తేదీ, 11వ తేదీ, 18వ తేదీ, 25వ తేదీ, నాలుగు గురువారములు వరుసగా ప్రష్యన్ అకాడమీలో నాలుగు పత్రములు చదివెను. ఒకదానిని మఱియొకటి సవరించుచు పోయెను. ఇంకొకప్రక్క హిల్బెర్టునకును ఆయనకును కార్డులు, ఉత్తరములు నడచుచుండెను. హిల్బెర్ట్ 16వ తేదీన తన ఉపన్యాసమునకు రమ్మని పిలిచెను. కడుపునొప్పియు అలసటయు చెప్పి ఐన్‌స్టైన్ పోలేదు, వ్యాసపు ప్రతి పంపుమని మాత్రము కోరెను. 18వ తేదీ పత్రములో బుధుని 43 వికలలు లెక్కకు సరిపోయెను. ఆ ఫలితము చూచినపుడు తన గుండె దడదడలాడినదని ఆయన తరువాత చెప్పుకొనెను. అంత చిక్కు లెక్కను ఇంత త్వరగా ఎట్లు చేసితివని హిల్బెర్ట్ ఆశ్చర్యపడి అభినందించెను. బెస్సోతో 1913లో చేసి దాచిన విఫలమైన లెక్కయే ఆ త్వరకు కారణమని ఆయనకు తెలియదు. 20వ తేదీన హిల్బెర్ట్ గోటింగెన్‌లో తన పత్రమును సమర్పించెను. 25వ తేదీన ఐన్‌స్టైన్ లోపించిన పదమును చేర్చి, తుదిరూపమును అకాడమీ ముందుంచెను.

ఎవరు ముందు అను వివాదము పిమ్మట చాలకాలము నడచెను. 1997లో కోరీ, రెన్, స్టాచెల్ అను ముగ్గురు చరిత్రకారులు హిల్బెర్ట్ వ్యాసపు ప్రూఫులను వెదకి ప్రకటించిరి. వానిపై 1915 డిసెంబరు 6వ తేదీ ముద్ర యున్నది, వానిలో క్షేత్రసమీకరణముల తుదిరూపము స్పష్టముగా లేదు. ఒక పుటలో కొంత భాగము కత్తిరింపబడి యుండుటచేత వాదమునకు ఇంకను చోటు మిగిలినది. వాదించువారికి ఇది రుచించును గాని, హిల్బెర్టే తన అచ్చువ్యాసములో ఈ సిద్ధాంతము ఐన్‌స్టైనుదని మర్యాదగా ఒప్పుకొన్నాడు. ఐన్‌స్టైన్ కూడ ఆ డిసెంబరు 20వ తేదీన లేఖ వ్రాసి మనస్సులోని కలతను తుడిచివేసికొనెను. గోటింగెన్ వీధులలోని ప్రతి బాలునకును నాలుగు పరిమాణముల జ్యామితి ఐన్‌స్టైనుకంటె ఎక్కువ తెలియును, ఐనను పని చేసినవాడు ఐన్‌స్టైనే యని హిల్బెర్ట్ అన్నట్లు చెప్పుదురు.

కాని ఆ నవంబరులో విజేతలిద్దఱకును తెలియని సంగతి ఒకటి ఉండెను. శక్తి నిత్యత్వము ఈ సమీకరణములలో ఎట్లు ఇమిడియున్నదో ఐన్‌స్టైనునకు స్పష్టముగా తెలియదు, హిల్బెర్టునకును చిక్కుపడెను. రీమాన్ జ్యామితిలో ఎన్నడో కనుగొనబడి, బియాంకీ పేర చెల్లు తాదాత్మ్యములు వారికి తట్టియున్నచో సగము శ్రమ తప్పియుండును. ఈ చిక్కు విప్పుటకు హిల్బెర్ట్, క్లైనులు 1915లో గోటింగెన్‌కు పిలిచిన ఎమ్మీ నోథర్‌ను ఆశ్రయించిరి. ఆమె స్త్రీ యగుటచేత విశ్వవిద్యాలయమువారు అధ్యాపకత్వము ఇయ్యరైరి. ఇది విశ్వవిద్యాలయమే గాని స్నానశాల కాదు గదా యని హిల్బెర్ట్ మండిపడెనట. ఆమె పాఠములు కొన్నేండ్లు హిల్బెర్ట్ పేర ప్రకటింపబడెను. 1918 జులైలో ఆమె పరిశోధనమును గోటింగెన్ విద్వత్సభలో క్లైన్ సమర్పించెను. ఆమె ఆ సభకు సభ్యురాలు కాదు. ప్రకృతి నియమములలో ఎచ్చట ఒక నిరంతర సౌష్ఠవము గలదో అచ్చట ఒక నిత్యరాశి యుండునని ఆమె మొదటి సిద్ధాంతము. నేడు చేసినను, రేపు చేసినను ప్రయోగఫలితము ఒక్కటేయైనచో శక్తి నిత్యము, ఇక్కడ చేసినను, అక్కడ చేసినను ఒక్కటేయైనచో ద్రవ్యవేగము నిత్యము. రెండవ సిద్ధాంతము గురుత్వాకర్షణ సమీకరణములకు సూటిగా తగులునది: నిరూపకములను ఇచ్చవచ్చినట్లు మార్చుకొను స్వేచ్ఛ ఉన్నప్పుడు సమీకరణములు పరస్పరము స్వతంత్రములు కాజాలవు, వానినడుమ తాదాత్మ్యములు తప్పక యుండును. హిల్బెర్ట్, ఐన్‌స్టైనులను వేధించిన ప్రశ్నకు సమాధానము ఇదియే. భౌతికశాస్త్రజ్ఞులు అడిగిన ఒక్క ప్రశ్నకు ఒక గణితజ్ఞురాలు చెప్పిన బదులు ఆ ప్రశ్నను దాటి, భౌతికశాస్త్రము మొత్తమునకు వర్తించెను. ఈ చరిత్రలో ఋణము తిరిగి తీర్చుట ఎక్కడనైన ఉన్నచో ఇక్కడ ఉన్నది. 1919లో గాని ఆమెకు అధ్యాపకార్హత దొరకలేదు. 1933లో యూదురాలని తొలగింపబడి, అమెరికా చేరి, రెండేండ్లకే మరణించెను.

తరువాతి కథ త్వరగా సాగును. జ్యూరిచ్‌లో ఐన్‌స్టైనునకు సహోద్యోగియైన గణితజ్ఞుడు వైల్, 1918లో గురుత్వాకర్షణమును విద్యుత్తును ఒకే జ్యామితిలో కలుపజూడగా, అట్లైనచో ప్రతి పరమాణువు కాంతియు అది గడిపిన చరిత్రనుబట్టి మాఱవలసియుండునని ఐన్‌స్టైన్ ఒక్క మాటతో ఖండించెను. ఈసారి భౌతికము గణితమును నిలిపినది, నిలిపినది న్యాయముగనే, ఐనను ఆ భావమే 1929లో వేఱొక రూపున బ్రతికివచ్చెను. పెట్రోగ్రాడ్‌లోని గణితజ్ఞుడు ఫ్రీడ్‌మన్ 1922లో ఈ సమీకరణములనుండి వ్యాకోచించు విశ్వమును రాబట్టగా, లెక్క తప్పినదని ఐన్‌స్టైన్ అచ్చులో వ్రాసెను. మఱుసటి యేడు తప్పు తనదని అచ్చులోనే ఒప్పుకొనెను. మన దేశమున 1920లోనే సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలు ఐన్‌స్టైన్, మిన్‌కోవ్‌స్కీల వ్యాసములను ఆంగ్లీకరించి కలకత్తా విశ్వవిద్యాలయముచే అచ్చువేయించిరి. ఆ పుస్తకములో గురువును శిష్యుడును ఒకే అట్టక్రింద చేరిరి.

గ్రాస్‌మన్ నరములను కృశింపజేయు వ్యాధిచే 1927లో పదవి విడిచి, 1936లో చనిపోయెను. చనిపోవుటకు ఐదేండ్ల ముందు, వ్రాయుటయే కష్టమైన స్థితిలో, ఐన్‌స్టైన్ అప్పుడు చేపట్టిన దూరసమాంతరత యను నూతన జ్యామితిని ఖండించుచు ఆయన ఒక వ్యాసము ప్రకటించెను. భౌతిక విషయములకు తాను బాధ్యుడను కానన్న మనుష్యుడు, గణిత విషయములో మిత్రునికైనను మినహాయింపు ఇయ్యలేదు. ఆ ప్రయత్నమును ఐన్‌స్టైన్ తానే కొన్నాళ్ళకు విడిచిపెట్టెను.

ఆ కాలమునుండి కొన్ని దశాబ్దములు ఈ రెండు విద్యలు మఱల దూరమయ్యెను. భౌతికశాస్త్రజ్ఞులు క్వాంటం సిద్ధాంతమువైపు తరలిపోగా, గురుత్వాకర్షణము గణితజ్ఞుల వినోదముగా మిగిలెను. అది తిరిగి భౌతికమైనది మొదట కలకత్తాలో. 1955లో అమల్ కుమార్ రాయ్‌చౌధురి, ఐన్‌స్టైన్ సమీకరణముల వశమున పదార్థపు దారులు ఎట్లు ఒకదానివైపు ఒకటి కుంచించుకొనుచు పోవునో చూపు ఒక సమీకరణమును ప్రకటించెను. ఏ సౌష్ఠవమును ముందుగా ఊహించుకొనకయే అది వచ్చుట దాని విశేషము. బీజజ్యామితిలో శిక్షణ పొందిన రోజర్ పెన్‌రోజ్ 1965లో ఆ కుంచించుకొనుట యను భావమును టోపాలజీతో కలిపి, కుప్పకూలు నక్షత్రము గుండ్రముగా లేకున్నను దాని అంతము తప్పదని మూడు పుటలలోపల నిరూపించెను; జర్మన్ ఖగోళశాస్త్రజ్ఞుడు ష్వార్జ్‌షిల్డ్ 1915 డిసెంబరులో యుద్ధరంగమునుండి ఐన్‌స్టైనునకు పంపిన ఈ సమీకరణముల సాధనలో పొంచియున్న అట్టి అంతపు వింత, కేవలము గుండ్రపు గోళమును ఊహించుటచే వచ్చినది కాదని అంతటితో తేలిపోయెను. గణితమునకు నోబెల్ బహుమతి లేదు. ఐనను 2020లో భౌతికశాస్త్రపు బహుమతిలో సగమును ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడైన పెన్‌రోజ్‌కు ఇచ్చిరి.